గోబ్లెట్ తొలుస్తుంటే ముక్క ఎగిరిపోవడం, కాడ విరగడం, ఆరాక బీట తీయడం: ఎందుకు, ఏం చేయాలి

మీరు రాసింది మొత్తం చదివాను. చిన్న లేత్ మీద, అంటే కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, వేప కర్రతో గోబ్లెట్, అదే కాడ ఉన్న కప్పు, చేస్తున్నారు, కప్పు లోపల తొలుస్తుంటే టూల్ కరిచి ముక్క చక్‌లోంచి (కర్రని బిగించి తిప్పే పట్టులోంచి) ఊడి గోడకి తగిలింది, కాడ సన్నం చేస్తుంటే మెలికలు మెలికలుగా గీతలు పడుతున్నాయి, ఒకటి కాడ దగ్గరే పుటుక్కుమంది, ఎలాగో పూర్తయిన ఒక్కటీ వారం తిరక్కుండానే అంచు నుంచి కిందికి బీట తీసింది. దీనికి ఇంకా మంచి టూల్ కొనాలా అని అడిగారు. ఇప్పుడేమీ కొనొద్దు. మొదటి మూడూ చెక్కకి ఆసరా లేని చోట పని చేయడం వల్ల వచ్చినవే. నాలుగోది మీరు కర్ర ఎంచుకున్న రోజునే ఖాయమైపోయింది.

పైన ఉన్నది కప్పు, మధ్యలో కాడ, కింద పీట అనుకుందాం. పీట చక్ వైపు, కప్పు టైల్‌స్టాక్ (చక్‌కి ఎదురుగా రెండో చివర ఆనే ఆసరా) వైపు ఉండాలి. తిరగేసి పెట్టినవాళ్లనీ చూశాను కాబట్టి చెబుతున్నా.

ముందు పట్టు సంగతి. ఎగిరిపోయిన ముక్కని పారేయకుండా ఉంటే దాని టెనన్ ఒకసారి చూడండి, అదే, చక్ జాస్ (చక్ దవడలు) పట్టుకోడానికి చివర వదిలిన గుండ్రటి దిమ్మ. జాస్ గుర్తులు నాలుగు వైపులా ఒకే లోతులో ఉంటే పట్టు బాగానే ఉంది, మీ టూలే గట్టిగా కరిచిందన్నమాట. ఒక పక్కే నలిగి మిగతా చోట నున్నగా ఉంటే జాస్ సగమే పట్టాయి. దిమ్మ అడుగు ముఖం మీద గుండ్రంగా రాపిడి మెరుపు కనిపిస్తే అది వేరే జబ్బు, దిమ్మ పొడుగెక్కువై చక్ అడుగుకి తగులుతోంది, దాంతో భుజం, అంటే దిమ్మ మొదట్లో ముక్క వెడల్పయ్యే మెట్టు, జాస్ మీద కూర్చోవడం లేదు. నేను చూసిన ఎగిరిపోయిన ముక్కల్లో ఎక్కువ ఈ మూడో రకానివే.

చాలామంది పట్టంతా జాస్ నొక్కుడులోనే ఉందనుకుంటారు. జాస్ నొక్కేది దిమ్మ పక్కల్ని మాత్రమే. అక్కడికి 15 సెంటీమీటర్ల దూరంలో, కప్పు అంచు దగ్గర, మీరు టూల్ ఆనించి తోస్తున్నప్పుడు ముక్క పక్కకి వాలకుండా ఆపేది జాస్ ముఖానికి చదునుగా ఆనిన భుజమే. అందుకని జాస్ లోతు కొలవండి, దిమ్మని దానికన్నా 2, 3 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంచండి. భుజాన్ని పార్టింగ్ టూల్‌తో (సన్నటి గాడి తీసి కోసే టూల్) చదునుగా, ఇంకా చెప్పాలంటే మధ్యవైపు వెంట్రుకవాసి లోపలికి ఉండేలా తీయండి. చక్‌తో మామూలుగా వచ్చే 50 మిల్లీమీటర్ల జాస్ పూర్తి గుండ్రంగా కలిసేది దాదాపు ఆ సైజు దగ్గరే, కాబట్టి దిమ్మ 48, 50 ఉంటే ఒంటినిండా పట్టుకుంటాయి, 60 ఉంటే జాస్ మూలలు మాత్రమే కొరుకుతాయి. జాస్ లోపలి వైపు వాలుగా ఉంటే దిమ్మ కూడా అదే వాలులో ఉండాలి, చివర కాస్త వెడల్పు, భుజం దగ్గర కాస్త సన్నం. బిగించేటప్పుడు టైల్‌స్టాక్‌తో ముక్కని చక్‌లోకి నొక్కి ఉంచి బిగించండి, రెండు తాళం రంధ్రాల దగ్గరా తిప్పి బిగించండి, ఒక పది నిమిషాలు పని చేశాక ఆపి మళ్లీ బిగించండి. జాస్ కింద చెక్క నలిగి కొంత జాగా ఇస్తుంది, రెండోసారి తాళం తిప్పితే పావు చుట్టు ఇట్టే తిరుగుతుంది చూడండి.

సైజుల గురించి అడిగారు. మొదటి గోబ్లెట్లకి 65 మిల్లీమీటర్ల చదరం, 180 పొడుగు ముక్క తీసుకోండి. కప్పు ఎత్తు 70, లోతు 58, కాడ 60, పీట మందం 12, ఆపైన టెనన్, ఆ రెండింటి మధ్య కోసేందుకు కొంత వదులు. పీట వెడల్పు కప్పు వెడల్పుకి దగ్గరగా ఉండాలి, లేకపోతే నీళ్లు పోసిన వెంటనే పడిపోతుంది. చిన్న పీట ఫొటోలో నాజూగ్గా ఉంటుంది, టేబుల్ మీద కాదు.

ఇక లోపల తొలవడం. ఇదే అసలు చిక్కు, ఎందుకంటే గిన్నె చేసినప్పుడు చెక్క అడ్డంగా ఉంటుంది, గోబ్లెట్‌లో నార పొడుగునా ఇరుసు వెంట ఉంటుంది. చెక్కని నిలబెట్టిన చీపురు కట్ట అనుకోండి. కట్ట పై నుంచి లోపలికి గుంట తీయాలి. అంచు నుంచి మధ్యకి కోసుకుంటూ వస్తే ప్రతి పుల్లకీ ముందు వైపు ఖాళీయే, ఆనుకోడానికి ఏమీ లేదు, వంగి చీలుతుంది లేదా టూల్‌ని లోపలికి లాగేస్తుంది. మధ్య నుంచి అంచుకి కోస్తే తెగబోయే పుల్ల వెనకాల ఇంకో పుల్ల ఆసరాగా నిలబడి ఉంటుంది. బయట వైపు పనికి పెద్ద వెడల్పు నుంచి చిన్న వెడల్పుకి కోయమంటారు కదా, లోపల దానికి సరిగ్గా తిరకాసు, చిన్న నుంచి పెద్దకి. మీరు రాసిన తీరు చూస్తే గిన్నెలకి చేసినట్టే అంచు నుంచి లోపలికి తోస్తున్నారు. కరిచింది అందుకే.

ముందు మధ్యలో రంధ్రం వేయండి. టైల్‌స్టాక్‌లో డ్రిల్ చక్ పెట్టి 10 మిల్లీమీటర్ల బిట్‌తో, నిమిషానికి 500 చుట్ల లోపు స్పీడులో, బిట్ మీద 55 దగ్గర రంగు టేపు చుట్టి, మాటిమాటికీ వెనక్కి లాగి పొట్టు దులుపుతూ. పచ్చి వేపలో పొట్టు బిట్‌కి పట్టేసి బిగుసుకుపోతుంది, పొగ వస్తోందంటే ఇంకా ముందుకి తోయకుండా వెనక్కి లాగండి. రంధ్రం అయ్యాక ఆ లోతుని ముక్క బయట పెన్సిల్‌తో గీసి పెట్టుకోండి. ఈ గీత తరవాత చాలా పనికొస్తుంది, కప్పు అడుగు ఎక్కడుందో బయట నుంచి తెలిసేది దీనివల్లే, కాడ సన్నం చేస్తూ కప్పు అడుగులోకి కోసేయకుండా కాపాడేదీ ఇదే. గీతకి కనీసం 8 మిల్లీమీటర్లు వదిలాకే కాడ మొదలవ్వాలి.

రంధ్రం ఉంటే 10 మిల్లీమీటర్ల స్పిండిల్ గౌజ్ (పొడుగునా గాడి ఉన్న గుండ్రటి మొన టూల్) చాలు. టూల్ రెస్ట్‌ని (టూల్ ఆనించే కమ్మీ) మొన సరిగ్గా మధ్య ఎత్తుకి వచ్చేలా పెట్టండి. టైల్‌స్టాక్ వైపు నుంచి చూస్తే గౌజ్ గాడి గడియారంలో 10 అంకె దిక్కుకి, అంటే మీ వైపుకి తిరిగి ఉండాలి. 12 దిక్కుకి, నేరుగా పైకి ఉంచితే రెండు రెక్కలూ పనిలోకి దిగుతాయి, అప్పుడు కరవక ఏం చేస్తుంది. మొనని రంధ్రంలో పెట్టి పిడిని మీ నుంచి అవతలికి మెల్లగా జరిపితే మొన మధ్య నుంచి మీ వైపు గోడకి కోసుకుంటూ వస్తుంది. పలచగా, ఒక్కోసారి 2, 3 మిల్లీమీటర్ల లోతే. ముందు పైన వెడల్పు చేసుకుని కొంచెం కొంచెం లోపలికి దిగండి, ఒకేసారి అడుగుకి పోవద్దు. స్పీడు 1000 దగ్గర చాలు, టైల్‌స్టాక్ ఆసరా లేని పని ఇది.

చెత్త ఎలా వస్తోందో చూస్తుండండి. చిన్న చిన్న రింగులుగా, పలుకులుగా రాలుతుంటే కోత సరిగ్గా ఉంది. పిండి రాలుతోందంటే పదును పోయింది, లేదా మీరు కోయడం మానేసి రాస్తున్నారు.

లోతుకి వెళ్లేకొద్దీ టూల్ రెస్ట్‌కి, మొనకి మధ్య దూరం పెరుగుతుంది, సన్నటి గౌజ్ అక్కడ ఊగుతుంది. 50 మిల్లీమీటర్లు దాటాక గుండ్రటి మొన ఉన్న మందపాటి స్క్రేపర్‌కి (గీకుతూ కోసే చదును టూల్) మారండి. స్క్రేపర్‌కి లోపల ఒకటే నియమం, పిడి కొంచెం పైకి, మొన కొంచెం కిందికి చూస్తూ ఉండాలి, కోత మధ్య గీతకి వెంట్రుకంత పైన జరగాలి. అప్పుడు పొరపాటున ఎక్కువ పట్టినా మొన కిందికి, ఖాళీలోకి జారుతుంది. అదే మొన పైకి చూస్తుంటే పట్టిన కొద్దీ లోపలికి దూసుకుపోతుంది. గుండ్రటి కార్బైడ్ ముక్క బిగించిన టూల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వాటినీ ఇలాగే వాడాలి. అవి సులువే గానీ నున్నదనం తక్కువ, సాండ్‌పేపర్ పని పెరుగుతుంది.

ఇక్కడో మాట. మీరు ఫొటోలో పెట్టిన స్క్రేపర్ పాత ఆకురాయికి మొన పట్టి చేసినట్టుంది. దాన్ని వాడకండి. ఆకురాయి ఉక్కు గట్టిదే గానీ గాజు జాతి, టూల్ కరిచిన క్షణంలో రెస్ట్ దగ్గర రెండు ముక్కలవుతుంది, ఆ ముక్క ఎటు వస్తుందో చెప్పలేం. ఊళ్లో చాలామంది చేస్తారు, ఏమీ కాలేదంటారు, అయినా వద్దు. వడ్రంగి ఉలి కూడా లేత్ మీద పెట్టొద్దు, దాని తోక పిడిలో ఈ బలానికి నిలబడదు. ఫేస్ షీల్డ్ పెట్టుకుంటున్నారో లేదో రాయలేదు, ముక్క గోడకి తగిలిందంటే మీ మొహానికి తగలకపోవడం అదృష్టమే. మెడలో తువాలు, చేతికి గుళ్లో కట్టిన దారం, ఉంగరాలు, పొడుగు చేతుల చొక్కా అన్నీ తీసేసి లేత్ దగ్గరికి వెళ్లండి. గ్లౌజులు కూడా వద్దు.

ఇప్పుడు వరుస. నన్నడిగితే గోబ్లెట్‌లో నేర్చుకోవాల్సింది వరుసే, మిగతాదంతా అలవాటు. ముక్కని గుండ్రంగా తిప్పాక మొదట కప్పు లోపల పూర్తి చేయాలి, సాండ్‌పేపర్‌తో సహా. అప్పటికి కాడ ఉండే చోట చెక్క ఇంకా 60 మిల్లీమీటర్ల మందంగా ఉంటుంది, ఎంత తోసినా కదలదు. తరవాత కప్పు బయట, అంచు నుంచి కాడ వైపుకి, అదీ సాండ్‌పేపర్‌తో సహా. ఆ తరవాతే కాడ. చివర పీట. టైల్‌స్టాక్ నుంచి చక్ వైపుకి ప్రయాణం, వెనక్కి తిరిగి చూడ్డం లేదు. కాడ సన్నం చేశాక కప్పు అంచు కొంచెం మందంగా అనిపించి మళ్లీ గౌజ్ పెట్టారనుకోండి, అంచు అప్పటికే కొద్దిగా కోలగా అయి ఉంటుంది, టూల్ ఒక చోట తగిలి ఒక చోట తగలక టకటకా కొడుతుంది, ఆ దెబ్బ కాడకి పోతుంది. మీ కాడ విరిగింది ఇలాగే అని నా అనుమానం, ఎందుకంటే "చివర్లో అంచు సరిచేస్తుండగా" అని మీరే రాశారు.

కప్పు గోడ మందం 3 మిల్లీమీటర్లు పెట్టుకోండి, ఎక్కడ చూసినా 3. తెల్ల కర్రయితే గది లైట్లు తీసేసి, లేత్ ఆపి, కప్పులో ఫోన్ టార్చి పెట్టి చూడండి. పలచనైన చోట చెక్క నారింజ రంగులో వెలుగుతుంది, మందంగా ఉన్న చోట చీకటిగా మచ్చలా ఉంటుంది, ఎక్కడ ఇంకో కోత కావాలో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. మరీ 3 దగ్గర కనిపించకపోతే కొంచెం నీళ్లు రాయండి. టేకు, తుమ్మ లాంటి ముదురు చేవలో ఇది పనిచేయదు, కాలిపర్‌తో కొలుచుకోవాల్సిందే.

కాడ మొదలెట్టే ముందు కప్పుకి ఆసరా ఇవ్వాలి. ఏదైనా మెత్తటి కర్రతో కప్పు లోపలి ఆకారానికి దగ్గరగా ఒక బిరడా తిప్పి, దాని మీద టిష్యూ కాగితం నాలుగు మడతలు వేసి కప్పులో పెట్టి, టైల్‌స్టాక్‌ని ముందుకి తెచ్చి ఆనించండి. ఆనించడం అంటే ఆనించడమే. బిగిస్తే కాడ విల్లులా వంగుతుంది, మధ్యలో మీరు కోసే కొద్దీ ఇంకా వంగుతుంది, అప్పుడు పడేవే ఆ మెలికల గీతలు. టైల్‌స్టాక్ కోన్‌ని వేళ్లతో పట్టుకుంటే కాస్త ప్రయత్నం మీద ఆగేంత బిగువు చాలు.

కాడని ఒకేసారి మొత్తం పొడుగునా సన్నం చేయకూడదు. కప్పు దగ్గర నుంచి 2 సెంటీమీటర్లు తీసుకుని, దాన్ని చివరి మందానికి తెచ్చి, సాండ్‌పేపర్ కూడా పట్టి, తరవాత 2 సెంటీమీటర్లకి వెళ్లండి. చక్ వైపు ఇంకా మందంగా ఉన్న చెక్కే మీకు ఊతం. స్పీడు 1800 దాకా పెంచుకోవచ్చు. ఎడమ చేతి బొటనవేలు టూల్ మీద, మిగతా రెండు వేళ్లు కాడ వెనక ఆనించి పట్టుకోండి, టూల్ ఎంత తోస్తుందో వేళ్లు అంతే వెనక్కి తోయాలి. టూల్ రెస్ట్‌కీ కాడకీ మధ్య వేలు దూరేంత సందు ఉండకూడదు, ఇది మరిచిపోవద్దు. వేళ్లకి కాలుతోందంటే మీరు టూల్‌ని ఎక్కువ నొక్కుతున్నారు. అన్నిటికన్నా మంచి కొలత అదే.

గీతలు అప్పటికే పడ్డాయా, సాండ్‌పేపర్ పెట్టి అరగదీయాలని చూడకండి, మిట్టలతో పాటు పల్లాలూ అరుగుతాయి, గీతలు అలాగే ఉంటాయి. గౌజ్‌కి కొత్తగా పదును పెట్టండి, స్పీడు 200, 300 అటో ఇటో మార్చండి, అంతకు ముందు వెళ్లిన కోణంలో కాకుండా టూల్‌ని ఇంకాస్త ఏటవాలుగా పట్టి చాలా పలచటి కోత ఒకటి వేయండి. కోత వెనక ఉన్న వాలుని చెక్కకి నొక్కకండి, తగిలీ తగలనట్టు ఉండాలి. శబ్దం కూడా చెబుతుంది, గీతలు పడబోయే ముందు కాడ సన్నగా కూస్తుంది. ఆ కూత విన్న వెంటనే టూల్ తీసేస్తే గీత పడదు. కుడిచేతికి స్క్యూ (ఏటవాలు అంచున్న చదును లేత్ టూల్) అలవాటైతే దానంత నున్నగా ఏదీ కోయదు, అలవాటయ్యే లోపు మాత్రం గోబ్లెట్ కాడ మీద నేర్చుకోవద్దు, పారేసే పుల్లల మీద నేర్చుకోండి.

మొదట్లో కాడ 10 మిల్లీమీటర్లు చాలు. 6, 5 దాకా తీసిన ఫొటోలు చూసి టెన్షన్ పడొద్దు. సన్నగా తీయడమనే పిచ్చి కొత్తదేం కాదు లెండి, 16వ శతాబ్దంలో జర్మనీలోని సాక్సనీని ఏలిన ఆగస్టస్ అనే ఎలెక్టర్ (రాజు లాంటి పాలకుడు) స్వయంగా లేత్ మీద కూర్చుని ఏనుగు దంతం తిప్పేవాడు, ఆ ఆస్థానంలో చేసిన దంతపు గోబ్లెట్లు డ్రెస్డెన్‌లో గ్రీన్ వాల్ట్ అనే మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. దంతానికి మన కర్రలా పొడుగాటి నార ఉండదు, ఆ సన్నదనాలు వేపలో రావు.

అందుకే కర్ర దగ్గరికి వద్దాం. వేప చెడ్డ కర్ర అనను, కానీ గోబ్లెట్‌కి మంచిది కాదు. దాని నార ఒక పొర ఇటు, ఒక పొర అటు మెలితిరిగి అల్లుకుని ఉంటుంది. మందంగా ఉన్నప్పుడు ఆ అల్లికే బలం. 8 మిల్లీమీటర్లకి దించాక నార ఎక్కడికక్కడ తెగి కాడలోంచి పక్కకి బయటపడిపోతుంది, ఒక చోట వంగితే చాలు అక్కడే తెగుతుంది. సాండ్‌పేపర్ ఎంత పట్టినా ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుకుగా ఉంటోందని రాశారు చూడండి, అదీ ఆ అల్లిక వల్లే. ఏ కర్రకైనా కాడ బలంగా ఉండాలంటే నార ఇరుసుకి సమాంతరంగా వెళ్లాలి. రంపంతో కోసిన ముక్క కన్నా గొడ్డలితో చీల్చిన ముక్క మేలు, ఎందుకంటే చీలిక నార వెంటే పోతుంది, నార ఎటు ఉందో అదే చెప్పేస్తుంది.

జామ దొరికితే అది తీసుకోండి, సన్నటి నార, గట్టిగా ఉంటుంది, అంచు చక్కగా నిలుస్తుంది. మామిడి సులువుగా దొరుకుతుంది, తిరుగుతుంది, కానీ మెత్తటి చోట్ల చిరుగులు పడతాయి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, గౌజ్ పదును నిమిషాల్లో తినేస్తుంది. నేర్చుకోడానికి అన్నిటికన్నా సులువైనది అంకుడు, తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉంటుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు తరిమెన పట్టేది ఈ కర్రతోనే, కర్ణాటకలో చన్నపట్నం బొమ్మలదీ ఇదే చెట్టు. ఎక్కడైనా గన్నేరు కొమ్మ బాగా గుండ్రంగా ఉంది కదా అని తాగే కప్పు మాత్రం చేయకండి, అది విషం. ఎర్రచందనం ముక్క ఎవరైనా ప్రేమగా ఇచ్చినా కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకోవద్దు.

ఇక మీ బీట. ఫొటోలో పీట మధ్యలో గోధుమరంగు చుక్క కనిపిస్తోంది, అది కొమ్మ నడిమి గుజ్జు. కొమ్మని అలాగే లేత్‌కి ఎక్కించారు, గుజ్జు సరిగ్గా గోబ్లెట్ నడుమ నుంచి పోయింది. చెక్క ఆరేటప్పుడు గుజ్జు నుంచి బెరడు వైపుకి కుదించుకునే దానికన్నా చుట్టుకొలత వెంట దాదాపు రెండింతలు కుదించుకుంటుంది. చుట్టూ ఉన్న వలయం బిగుసుకుంటోంది, లోపల గుజ్జు జరగనివ్వదు, ఎక్కడో ఒక చోట తెరుచుకోక తప్పదు. పైగా కప్పు అంచు 3, అడుగు 12 ఉంటే పలచన భాగం ముందు ఆరిపోయి కుదించుకుంటుంది, మందపు భాగం ఇంకా తడిగా ఉండి దాన్ని ఆపుతుంది. మీ బీట అంచు దగ్గర వెడల్పుగా మొదలై కింద సన్నబడింది, లెక్క సరిపోయింది.

దీనికి దారులు రెండు. పెద్ద దుంగ తీసుకుని, గుజ్జు రాకుండా పక్క నుంచి నాలుగు పలకలుగా కోసి, రెండు చివర్లకీ కరిగించిన మైనమో పాత ఆయిల్ పెయింటో ఫెవికాలో పూసి, ఎండ తగలని చోట గాలికి పెట్టండి. చివర్ల నుంచే నీరు తొందరగా పోతుంది, అక్కడే బీటలు మొదలవుతాయి, పూత ఎందుకంటే అందుకు. నెలకోసారి వంటింటి కాటాలో తూచి ముక్క మీదే బరువు రాసి పెట్టండి, వరసగా రెండు మూడు నెలలు బరువు మారకపోతే ఆరినట్టు. వానాకాలంలో తూస్తే మళ్లీ కొంచెం పెరుగుతుంది, కంగారు పడొద్దు. ఇంకో దారి, గుజ్జు లేని పచ్చి కర్రనే ఒక్క కూర్చోడంలో మొదలుపెట్టి పూర్తిచేసి, అంతటా సమానంగా పలచగా, 2, 3 మిల్లీమీటర్లలో ముగించడం. అది కోలగా వంకర పోతుంది గానీ బీట తీయదు. మధ్యలో భోజనానికి లేవాల్సి వస్తే ముక్కకి తడి గుడ్డ చుట్టి పాలిథిన్ కవర్ కప్పి వెళ్లండి. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద వదిలేసి గంట తరవాత వస్తే అంచు గుండ్రంగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

ఇంకో కారణం సాండ్‌పేపర్. ఫుల్ స్పీడులో గట్టిగా నొక్కి పడితే చెక్క వేడెక్కి సన్నటి నెర్రెలు వస్తాయి, వెంటనే కనిపించవు, పాలిష్ పెట్టాక నల్లగా తేలతాయి. స్పీడు సగానికి తగ్గించి 120, 180, 240, 320 వరసలో, ఏదీ దాటేయకుండా. లోతైన కప్పులో వేలు పెట్టకండి, పుల్లకి స్పాంజి కట్టి దానికి కాగితం చుట్టండి.

పాడైనవాటిని ఏం చేయాలన్నారు. విరిగిన కాడ దాచుకోండి, పనికొస్తుంది. కప్పు అడుగున, పీట మధ్యలో 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఇంకో కర్రతో కాడ విడిగా తిప్పి, రెండు చివర్లా 8 మిల్లీమీటర్ల దిమ్మలు వదిలి జిగురుతో కలపండి, అతుకు దగ్గర కాడ మీద ఒక చిన్న పూస తిప్పితే కనిపించదు. కప్పు అడుగున రంధ్రం వేయడానికి కనీసం 8 మిల్లీమీటర్ల మందం ఉండాలి, అందుకే ఇందాక ఆ గీత గీయమన్నది. సన్నటి బీటలో అదే కర్ర పొడి నింపి పలచటి సూపర్ గ్లూ వదిలితే లోపలికి ఇంకిపోతుంది. ముదురు కర్రయితే పొడి బదులు కాఫీ పొడి వేయండి, కావాలని పెట్టిన గీతలా ఉంటుంది. కానీ మీ బీట లాంటిది, అంచు నుంచి సగం దాకా తెరుచుకున్నది, అతికించినా మళ్లీ తెరుచుకుంటుంది, దాన్ని పెన్నుల స్టాండు చేసుకోండి. చిరిగిన నార లేచి గరుకుగా ఉన్న చోట షెల్లాక్ పలచగా కలిపి ఒక పూత పూయండి, ఆరాక ఆ నార బిర్రుగా నిలబడుతుంది, అప్పుడు పదునైన టూల్‌తో ఒక్క కోత వేస్తే నున్నగా తెగుతుంది.

లోపల ఏ పాలిష్ పెట్టాలి అనేది చివరి ప్రశ్న. ఏటికొప్పాక పద్ధతిలో లక్క పెడదామనుకుంటున్నానన్నారు. బయట వైపు నిరభ్యంతరంగా పెట్టండి, చూడ్డానికి దానికి మించింది లేదు. తిరిగే చెక్కకి లక్క పుల్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పరుచుకుంటుంది, తరవాత మొగలి ఆకుతో అద్దితే మెరుస్తుంది. రంగులు కూడా పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటివాటితో చేస్తారక్కడ. సహజ రంగులని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సీవీ రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, ఆ బొమ్మలకి 2017లోనే జీఐ గుర్తింపు వచ్చింది. కానీ లోపలికి వద్దు, లక్క 80 డిగ్రీల లోపే మెత్తబడుతుంది, టీ పోస్తే జిగటవుతుంది, ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, గోబ్లెట్‌లో ఏం పోసుకుంటారో నేను అడగను. ఫర్నిచర్‌కి వాడే మెలమైన్ పాలిష్ కూడా తాగే గ్లాసుకి వద్దు. కొబ్బరి నూనె ఎప్పటికీ ఆరదు, కొన్నాళ్లకి కమురు వాసన వేస్తుంది. మామూలు నీళ్లకి, మజ్జిగకి అయితే ఆరే రకం నూనె, టంగ్ ఆయిల్ గానీ పచ్చి అవిసె నూనె గానీ, పలచగా మూడు నాలుగు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. అవిసె నూనెకి వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ అని రాసి ఉన్న డబ్బా కొనకండి, తొందరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. ఎన్ని పూతలు పెట్టినా చెక్క గోబ్లెట్‌లో రాత్రంతా నీళ్లు వదలకూడదు, తాగి కడిగి తుడిచి పెట్టాలి. నూనె తుడిచిన గుడ్డలని ఉండ చుట్టి మూల పడేయకండి, నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి, తీగ మీద విప్పి ఆరేయండి.

పీట కింద మధ్యలో పార్టింగ్ టూల్‌తో 2 మిల్లీమీటర్లు లోపలికి తీసి, అంచు మాత్రమే నేలకి తగిలేలా వదిలి కోసేయండి. ఇంకా ఊగితే కిటికీ గాజు మీద 180 నంబరు కాగితం పరిచి దాని మీద పీటని గుండ్రంగా తిప్పండి. వచ్చే ముక్క టెనన్ తిప్పాక, చక్‌లో పెట్టే ముందు, భుజానికి స్కేలు ఆనించి పక్క నుంచి ఒక ఫొటో తీసి పెట్టండి, స్కేలు కింద వెలుతురు ఎక్కడ కనిపిస్తోందో చూస్తే మిగతాది చెబుతాను.